గోల్డ్‌మన్‌ను రాక్ గాయకుడు అనవచ్చా? ముందు ఆయన ఇతరులకు కట్టిన పాటలు వినండి

మీ తరగతిలో జాఁ-జాక్ గోల్డ్‌మన్ పాట ఒకటి వినిపించారనీ, తర్వాత వెతికితే కొందరు ఆయనను రాక్ గాయకుడనీ, మరికొందరు ఒట్టి జనరంజక గాయకుడనీ రాశారనీ చెప్పారు. 2002 తర్వాత సొంత కచేరీ చేయని మనిషిని ఫ్రాన్స్‌లో ఇప్పటికీ అంతగా ఎందుకు తలుచుకుంటారని, వినడం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. పద్దెనిమిదేళ్లుగా ఫ్రెంచ్ బోధిస్తున్నాను. అందులో పదిహేనేళ్లకు తక్కువ కాకుండా ఈయన పాటలనే పాఠాలుగా వాడుకున్నాను కనుక నాకు తెలిసినంతలో చెబుతాను. సమాధానం కొంచెం పొడవుగానే ఉంటుంది. పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను: ఆ మొదటి పదాన్ని ముక్కుతో పలకాలి, అందుకే మనం పక్కన పెట్టేసిన అరసున్నాను నేను ఫ్రెంచ్ పేర్ల కోసం మళ్లీ బయటికి తీశాను.

గోల్డ్‌మన్ పాట మీరు ఇదివరకే విని ఉంటారు, ఆయనదని తెలియకపోవచ్చు. మన దగ్గర ‘దీదీ’ పాటతో పరిచయమైన అల్జీరియా గాయకుడు ఖాలెద్ 1996లో పాడిన ‘ఆయిషా’ గోల్డ్‌మన్ రాసి, బాణీ కట్టి ఇచ్చినదే. 2003లో డెన్మార్క్ బృందం ఔట్‌ల్యాండిష్ దాన్ని ఇంగ్లీషులో మళ్లీ పాడి మరో తరానికి చేర్చింది. ఆ పాటలో ప్రేమికుడు ముత్యాలు, రత్నాలు, రాజ్యాలు తెచ్చి పాదాల దగ్గర పెడతానంటాడు. ఆమె మాత్రం పంజరం బంగారపుదైనా పంజరమేననీ, తనకు కావలసినవి అతనితో సమానమైన హక్కులూ, రోజూ దక్కే గౌరవమూ అనీ చెబుతుంది. ఉత్తర ఆఫ్రికా గాయకుడి గొంతుకు, ఆ గమకాలకు అచ్చంగా సరిపోయేలా ఈ పాటను ప్యారిస్ శివారులో పెరిగిన యూదు కుటుంబపు గిటారిస్టు కట్టాడంటే నా విద్యార్థులు మొదట నమ్మరు. గోల్డ్‌మన్ వృత్తి జీవితానికి తాళంచెవి ఇలాంటి పాటల్లోనే ఉందని నా అభిప్రాయం. ఆయన ప్రధానంగా పాట కట్టే మనిషి. పాడటం ఆ పనిలో ఒక భాగం మాత్రమే.

ఇక్కడ మనకు అలవాటైన ఒక విభజనను పక్కన పెట్టాలి. మన సినిమా పాటలో మాట రాసేవారు ఒకరు, బాణీ కట్టేవారు ఇంకొకరు, పాడేవారు మరొకరు. ఫ్రెంచ్ సంప్రదాయం ఈ మూడు పనులూ ఒక్కరే చేసే కళాకారుడికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి, అతణ్ణి మిగిలినవారికన్నా ఒక మెట్టు పైన కూర్చోబెడుతుంది. గోల్డ్‌మన్ ఆ కోవకే చెందినా, ఆ కోవలోని పెద్దల్లా తన పాటను తన గొంతుకే కట్టేసుకోలేదు. రాక్ గాయకుడా కాదా అన్న తగువు కూడా నిజానికి ఫ్రెంచ్ పత్రికలదే. అక్కడ రాక్ అంటే తిరుగుబాటు, ‘వారియెతే’ అంటే టీవీలో శనివారం సాయంత్రం వచ్చే కాలక్షేపం. గిటారు, డ్రమ్ములు, కచేరీ నడిపే తీరు చూస్తే గోల్డ్‌మన్ మొదటి వర్గం. అమ్మమ్మ నుంచి మనవరాలి దాకా అందరూ పాడుకున్నారు కనుక విమర్శకులు రెండో వర్గంలో పడేశారు.

ఆయన 1951 అక్టోబరు 11న ప్యారిస్‌లో పుట్టారు. తండ్రి పోలండ్‌లోని లుబ్లిన్ నుంచి వచ్చినవాడు, తల్లి జర్మనీలోని మ్యూనిక్‌లో పుట్టినది. ఇద్దరూ యూదులే. నాజీ ఆక్రమణ కాలంలో తండ్రి ఫ్రెంచ్ ప్రతిఘటన ఉద్యమంలో పనిచేశాడు. ఇంట్లో వామపక్ష రాజకీయాలు రోజువారీ మాటలు. తండ్రికి మరొక సంబంధం వల్ల కలిగిన కుమారుడు పియేర్ గోల్డ్‌మన్ తీవ్ర వామపక్షవాది. జైలు జీవితం, సంచలనం రేపిన విచారణలు దాటి బయటికి వచ్చాక 1979 సెప్టెంబరులో ప్యారిస్ వీధిలో అతణ్ణి కాల్చి చంపారు. ఈ విషయం చెప్పడానికి కారణం ఉంది. తమ్ముడి పాటల్లో నినాదం ఎందుకు లేదని, చరిత్ర మాత్రం ప్రతి మలుపులో ఎందుకు ఎదురవుతుందని అడిగేవారికి సగం జవాబు ఈ ఇంటి కథలోనే దొరుకుతుంది.

చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నారు, తర్వాత గిటారు పట్టారు. ప్యారిస్ దక్షిణ శివారైన మోఁరూజ్‌లో చర్చి ఆధ్వర్యంలో నడిచే గాస్పెల్ బృందంలో చేరి, 1966లో వాళ్లతోనే మొదటిసారి రికార్డులో పాడారు. ఆ ఊరి పేరుకు ‘ఎర్రకొండ’ అని అర్థం చెప్పుకుని బృందానికి రెడ్ మౌంటెన్ గాస్పెలర్స్ అని ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారు. అంటే ఒక యూదు కుర్రవాడు కాథలిక్ చర్చిలో నల్లజాతి అమెరికన్ల భక్తి పాటలు పాడుతూ సంగీతంలోకి వచ్చాడు. చదువు మాత్రం వేరే దారి. లీల్ నగరంలోని ఎడెక్ అనే వాణిజ్య కళాశాలలో పట్టా పుచ్చుకుని, తల్లిదండ్రుల క్రీడా సామగ్రి దుకాణంలో పనికి కుదిరారు. మొదటి విజయం వచ్చేదాకా ఆ దుకాణంలోనే బూట్లు, రాకెట్లు అమ్మారు.

దుకాణం నడుపుతూనే 1970లలో ‘తాయ్ ఫోంగ్’ అనే బృందంలో చేరారు. వియత్నామీ భాషలో ఆ మాటకు పెనుగాలి అని అర్థం. వియత్నాం మూలాలున్న ఇద్దరు అన్నదమ్ములు అందులో ప్రధాన సభ్యులు. వాళ్లది అప్పటి బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్ ధోరణి: పొడవైన పాటలు, కీబోర్డుల గోడలు, సాహిత్యం ఇంగ్లీషులో. 1975లో వచ్చిన తొలి ఆల్బమ్‌లోని ‘సిస్టర్ జేన్’ బాగానే ఆడింది. ఆ పాటలో తారస్థాయిలో సాగే గొంతు గోల్డ్‌మన్‌దే. 1976లో, 1979లో మరో రెండు ఆల్బమ్‌లు వచ్చాయి కానీ బృందం ముందుకు పోలేదు. బృందంగా ఊళ్లు తిరగడం ఆయనకు ఇష్టం లేదు, పైగా ఇంట్లో పిల్లలు, దుకాణం. రాక్ బృందాల జీవితకథల్లో ఇలాంటి కారణం అరుదుగా కనబడుతుంది, నాకు అందుకే నచ్చుతుంది.

ఇంగ్లీషు వదిలి ఫ్రెంచ్‌లోకి రావడానికి ఒక కచేరీ దోహదం చేసిందంటారు. కవి గాయకుడు లెయో ఫెర్రే అప్పట్లో ‘జూ’ అనే రాక్ బృందాన్ని వెంటేసుకుని పాడేవాడు. విద్యుత్ గిటార్ల హోరు మీద ఫ్రెంచ్ మాట నిలబడగలదని గోల్డ్‌మన్‌కు అక్కడ తెలిసివచ్చింది. ఇప్పుడు వింటే ఇందులో వింతేముందనిపిస్తుంది కానీ అప్పుడది తేలిన విషయం కాదు. ఫ్రెంచ్‌లో పదానికి పదానికి మధ్య బలమైన ఊనిక ఉండదు, వాక్యం చివర మాత్రమే ఒత్తు పడుతుంది. రాక్ తాళానికి ఇంగ్లీషులా అది ఊరికే అతుక్కోదు. 1976 నుంచి 1978 వరకు గోల్డ్‌మన్ సొంతంగా విడుదల చేసిన చిన్న రికార్డులు ఎవరికీ పట్టకపోవడానికి ఈ తడబాటు కూడా ఒక కారణమని వాటిని వింటే అనిపిస్తుంది.

1981లో ఎపిక్ సంస్థ నుంచి మొదటి సొంత ఆల్బమ్ వచ్చింది. దానిలోని ‘ఇల్ సుఫిరా దఁ సీన్య’, అంటే ‘ఒక్క సైగ చాలు’, రేడియోలో మోగిపోయింది. ఇందులో ప్రతిభతో పాటు కాలం కలిసి రావడం కూడా ఉంది. ఆ ఏడాదే మిత్తెరాఁ అధ్యక్షుడయ్యాడు, ఎఫ్.ఎం. తరంగాల మీద ప్రైవేటు కేంద్రాలకు అనుమతి వచ్చింది. పిల్లలు వినే కొత్త కేంద్రాలు పుట్టుకొచ్చి, వాటికి కొత్త గొంతులు కావలసి వచ్చింది. 1984 మొదట్లో రాక్ కచేరీల కోసమే కట్టిన జెనిత్ సభామందిరం ప్యారిస్‌లో తెరుచుకుంది, ఆ ఏడాది చివరలో టాప్ 50 అనే రికార్డు అమ్మకాల పట్టిక మొదలైంది. రేడియో, వేదిక, పట్టిక ఈ మూడూ సమకూరిన ఆ నాలుగేళ్లలోనే గోల్డ్‌మన్ పేరు ఇంటింటికీ చేరింది.

ఆల్బమ్‌ల పేర్లలో ఆయన హాస్యం కనబడుతుంది. మొదటిదానికి ‘కాలం చెల్లినది’ అని, 1982 నాటి రెండోదానికి ‘అల్పసంఖ్యాకుడు’ అని పెట్టాలనుకుంటే సంస్థ ఒప్పుకోలేదు. అందుకే ఆ రెండూ పేరు లేకుండానే వచ్చాయి. మూడోదాని పేరు 1984లో ‘పొజితీఫ్’, 1985లో వచ్చిన నాలుగోది ‘నోఁ ఒమొలొగె’, అంటే ‘ఆమోదముద్ర పడనిది’. ఆ ముద్ర వేయవలసిన విమర్శకులు నిజంగానే వేయలేదు. బడిపిల్లల సంగీతమని, గొంతు కీచుగా ఉందని, సాహిత్యం చప్పగా ఉందని రాశారు. ఆయన జవాబుగా వ్యాసం రాయలేదు, ఎవరి మీదా విరుచుకుపడలేదు. పత్రికలో ప్రకటన స్థలం కొని, తన మీద వచ్చిన తిట్లనే అందులో వరుసగా అచ్చు వేయించి, కింద కచేరీలకు వచ్చిన శ్రోతలను ఉద్దేశించి, మీ అంతట మీరే తీర్పు చెప్పుకున్నందుకు కృతజ్ఞతలని ఒక్క ముక్క పెట్టారు.

సాహిత్యం చప్పగా ఉందన్న మాట దగ్గర మాత్రం నేను ఆగుతాను, ఎందుకంటే మీకు తరగతిలో వినిపించింది బహుశా రెండో ఆల్బమ్‌లోని ‘కొమ్ త్వా’ అయి ఉంటుంది. ఫ్రెంచ్ నేర్పేవాళ్లందరూ దీన్ని వాడతారు, కారణం వ్యాకరణమే. మన భాషలో ‘వెళ్లేది’, ‘పాడేది’, ‘ఆడుకునేది’ అంటామే, ఆ అలవాటు భూతకాలానికి దగ్గరగా ఫ్రెంచ్‌లో ఒక కాలం ఉంది. ఈ పాట దాదాపు మొత్తం అందులోనే నడుస్తుంది. పాత ఫొటోలో వెల్వెట్ గౌను వేసుకున్న చిన్న పిల్ల. సంగీతం ఇష్టపడేది, దిగువ ఊళ్లో బడికి వెళ్లేది, బొమ్మతో ఆడుకునేది. నేస్తాల్లో ఒకడిని ఎప్పుడో వార్సాలో పెళ్లి చేసుకుంటుందేమో. ప్రతి చరణం చివర గాయకుడు ఎదురుగా నిద్రపోతున్న పాప వైపు తిరిగి ‘నీలాగే’ అంటాడు. మూడో చరణంలో ఆమె పేరు శారా అనీ, ఎనిమిదేళ్లు నిండలేదనీ చెబుతాడు. సరిగ్గా అక్కడ ఒకే ఒక్క వాక్యంలో క్రియ మారుతుంది: ఇంకెవరో వేరే విధంగా అప్పటికే నిర్ణయించేశారు అన్న అర్థంలో, జరగవలసింది ముందే జరిగిపోయిందని చెప్పే కాలంలోకి వెళుతుంది. ఆ పాటలో యూదులు అన్న మాట లేదు, నాజీలు లేరు, శిబిరం లేదు. తల్లి దగ్గరున్న పాత ఫొటోల పుస్తకంలోని ఒక చిత్రం చూసి ఆయన ఈ పాట రాశారు. కాలాలు బోర్డు మీద రాసి చూపించిన తర్వాత రెండోసారి వినిపిస్తే తరగతి నిశ్శబ్దమైపోతుంది. చప్పదనం అని విమర్శకులు అన్నది ఈ పొదుపునే అని నా అనుమానం.

ఆయన పాటల పేర్లే ఒక వ్యాకరణ పుస్తకం. ‘సుఫిరా’ భవిష్యత్తు, ‘ఇల్ షాఁజె లా వీ’ అలవాటు భూతం. ‘జ సె పా’ అంటే ‘తెలీదు’, అందులో పుస్తకాల ఫ్రెంచ్‌లో తప్పనిసరిగా ఉండవలసిన ‘న’ ఎగిరిపోయి, వీధిలో మాట్లాడే రూపం మిగిలింది. 1997 నాటి ‘సాష్ క జ’ పేరు ‘తెలుసుకో, నేను...’ అని మధ్యలో ఆగుతుంది. పాటంతా ఆ తర్వాతి రెండు మాటల చుట్టూ తిరుగుతుంది.

‘నోఁ ఒమొలొగె’లోని ‘జ త దొన్’ 1986 మొదట్లో వారాల తరబడి టాప్ 50లో మొదటి స్థానంలో నిలిచింది. తాయ్ ఫోంగ్ చివరి రోజుల్లో ఆ బృందంలోకి వచ్చిన వేల్స్ గిటారిస్టు మైకేల్ జోన్స్ తన వంతు ఇంగ్లీషులో, గోల్డ్‌మన్ తన వంతు ఫ్రెంచ్‌లో పాడతారు. నా తేడాలన్నీ నీకిస్తున్నానని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకునే పాట అది. ఫ్రాన్స్‌లో వలస వ్యతిరేక పార్టీకి ఓట్లు పెరుగుతున్న రోజులవి కనుక, ఉపన్యాసం లేకుండానే ఆ పాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

1987 నాటి రెండు రికార్డుల ఆల్బమ్ ‘ఆఁత్ర్ గ్రీ క్లేర్ ఎ గ్రీ ఫోఁసే’ ఆయన శిఖరమని నా లెక్క. పేరుకు ‘లేత బూడిద రంగుకూ ముదురు బూడిద రంగుకూ మధ్య’ అని అర్థం. నలుపు తెలుపుల్లో మాట్లాడని మనిషికి తగిన పేరు. ఇందులోని ‘లా బా’, అంటే ‘అక్కడ’, ఒక యుగళగీతం. దూరదేశంలో అంతా కొత్తగా ఉంటుంది, నన్ను వెళ్లనివ్వు అంటాడు అతను. వద్దు, ఇక్కడ మనమున్నాం కదా అంటుంది ఆమె. గల్ఫ్‌కో అమెరికాకో మనిషిని పంపిన ఇల్లు ప్రతి వీధిలో ఉన్న మనకు దీని భావం వివరించనక్కరలేదు. ఆమె గొంతు సిరిమా అనే అమ్మాయిది. శ్రీలంక మూలాలున్న ఆమె ప్యారిస్ మెట్రోలో పాడుతూ ఉండగా గోల్డ్‌మన్ బృందంలోని సాక్సఫోన్ వాద్యకారుడు విన్నాడు. 1989 డిసెంబరులో, తన మొదటి ఆల్బమ్ వచ్చిన కొద్ది రోజులకే, సహచరుడి చేతిలో ఆమె హత్యకు గురైంది. ఆ పాటను గోల్డ్‌మన్ ఆ తర్వాత చాలాకాలం వేదికల మీద పాడలేదు.

ఇక ఇతరులకు కట్టిన పాటల సంగతి. 1986లో ఫ్రెంచ్ రాక్‌కు మకుటం లేని మహారాజైన జానీ హాలిడే కోసం ‘గాంగ్’ అనే ఆల్బమ్ మొత్తం సమకూర్చారు. అందులోని ‘లాఁవీ’లో అన్నీ ఉన్న మనిషి ‘కోరిక పుట్టాలన్న కోరికైనా ఇవ్వండి’ అని అరుస్తాడు. ఆ అరుపు గోల్డ్‌మన్ గొంతులో నప్పదు, హాలిడే గొంతులో మాత్రం గోడలు పగులుతాయి. 1993లో పాత్రీసియా కాస్‌కు ‘ఇల్ మ ది క జ స్వి బెల్’ ఇచ్చినప్పుడు తన పేరు వేసుకోలేదు, శామ్ బ్రెవ్‌స్కీ అనే మారుపేరుతో ఇచ్చారు. పాట తనంతట తాను నిలబడుతుందో లేదో చూడాలనే కుతూహలం అందులో ఉండి ఉంటుంది.

అన్నిటికన్నా పెద్దది 1995లో సెలీన్ డియోన్‌తో చేసిన ‘దో’. ఆ పేరుకు ‘వాళ్ల గురించి’ అని అర్థం, వినడానికి మాత్రం ‘రెండు’ అన్నట్టే ఉంటుంది. అప్పటికే ఆమె ఇంగ్లీషు పాటలతో అమెరికాలో పేరు తెచ్చుకుంది. ఎక్కడ పడితే అక్కడ గొంతు ఎత్తి శిఖరాలు తాకడం ఆమె బలం. గోల్డ్‌మన్ అడిగింది సరిగ్గా దానికి వ్యతిరేకం. ఫ్రెంచ్‌లో ‘దేషాఁతే’ అనే క్రియకు మామూలు అర్థం ఆశాభంగం కావడం. విడగొట్టి చూస్తే ‘పాడటాన్ని విప్పేయడం’. ఆ చమత్కారంతోనే తక్కువ పాడమని, మాట చెబుతున్నట్టు పాడమని ఆమెను కోరారు. ‘పూర్ క త్యు మెమ్ ఆఁకోర్’ వినండి. వదిలి వెళ్లిన వాణ్ణి తిరిగి తెచ్చుకోవడానికి మంత్రాలైనా వేస్తానంటుంది ఆమె. కానీ చరణాలు దాదాపు మాట్లాడుకునే స్థాయిలో, చిన్న చిన్న మెట్ల మీద నడుస్తాయి. గొంతు విప్పే అవకాశం చాలాసేపటి వరకు రాదు, వచ్చినప్పుడు కూడా సగమే. ఫ్రెంచ్ పాటలను పెద్దగా పట్టించుకోని బ్రిటన్‌లో సైతం ఆ పాట 7వ స్థానం దాకా వెళ్లింది. ఫ్రెంచ్ భాషలో ప్రపంచమంతటా అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌గా ‘దో’ పేరు చెబుతారు. 1998లోను, 2003లోను మరో రెండు ఆల్బమ్‌లు ఆమెతో చేశారు. మొదటిది మొదటిదే.

తన సొంత పాటల్లోనూ గొంతు పంచుకునే పద్ధతినే ఎంచుకున్నారు. 1990లో మైకేల్ జోన్స్, కరోల్ ఫ్రెడెరిక్స్‌లతో కలిసి ముగ్గురి ఇంటిపేర్లనే బృందం పేరుగా పెట్టుకున్నారు. కరోల్ అమెరికన్. తాజ్ మహల్ అనే పేరుతో ప్రసిద్ధుడైన బ్లూస్ కళాకారుడి చెల్లెలు, గాస్పెల్ గొంతు. ఈ ముగ్గురూ పాడిన ‘నే ఆఁ 17 ఆ లైడెన్‌ష్టాట్’ నా దృష్టిలో గోల్డ్‌మన్ రాసిన అతి నిజాయతీ గల పాట. లైడెన్‌ష్టాట్ కల్పిత పట్టణం, జర్మన్‌లో ‘బాధల ఊరు’ అని చెప్పుకోవచ్చు. నేను 1917లో అక్కడ పుట్టి, ఓడిన దేశపు అవమానంలో పెరిగి ఉంటే ఆ జర్మన్ల కన్నా మెరుగ్గా ప్రవర్తించేవాడినా అని అడుగుతాడు గోల్డ్‌మన్. బెల్‌ఫాస్ట్ రేవు వాడల్లో పెరిగి ఉంటే అని జోన్స్ అందుకుంటాడు. జొహానెస్‌బర్గ్‌లో తెల్లగా, ధనవంతురాలిగా పుట్టి ఉంటే అని నల్లజాతి గాయని కరోల్ పాడుతుంది. ముగ్గురూ తమ శత్రువు చర్మంలోకి దూరి ప్రశ్నిస్తారు, ఎవరూ జవాబివ్వరు. నాజీల నుంచి తప్పించుకున్న తల్లిదండ్రుల కొడుకు ఈ మాట రాశాడన్నది గుర్తుపెట్టుకుని వినాలి.

1993లో వచ్చిన ‘రూజ్’, అంటే ‘ఎరుపు’, సోవియట్ యూనియన్ కూలిన రెండేళ్లకు ఎర్ర సైన్యపు గాయక బృందాన్ని వెంటబెట్టుకుని చేసినది. ఓడిపోయిన ఆశకు ఒక తలవంపు లేని వీడ్కోలు అనవచ్చు. సంగీతపరంగా బరువెక్కువ, నేను తరచు వినను. కరోల్ 2001 జూన్‌లో సెనెగల్ రాజధాని డకార్‌లో గుండెపోటుతో మరణించింది.

మీ ప్రశ్నల్లో ఒకదానికి, అంటే ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటారన్నదానికి, పాటలతో పాటు మరో కారణం ఉంది. 1985లో హాస్యనటుడు కొల్యూష్ పేదలకు ఉచిత భోజనం పెట్టే ‘రెస్తో ద్యు కేర్’ సంస్థను మొదలుపెట్టి, దానికొక పాట కావాలని గోల్డ్‌మన్‌ను అడిగాడు. పాడవలసినవాళ్లలో నటులున్నారు, టీవీ వ్యాఖ్యాత ఉన్నాడు, ఫుట్‌బాల్ ఆటగాడు ప్లాతినీ ఉన్నాడు. గొంతు లేనివాళ్లు కూడా తప్పకుండా పాడగలిగేలా చరణాలను మాటల్లా, పల్లవిని వీధిలో ఎవరైనా అందుకునేలా కట్టారు. ఆ మొదటి చలికాలంలో సంస్థ 85 లక్షల భోజనాలు పెట్టింది. 1986 జూన్‌లో కొల్యూష్ మోటారు సైకిలు ప్రమాదంలో చనిపోయాడు. 1989లో మొదలై గాయకులంతా కలిసి ‘ఆఁఫ్వారే’ పేరిట నిధుల కోసం చేసే కచేరీలకు గోల్డ్‌మన్ వెన్నెముకగా నిలిచి 2016లో తప్పుకున్నారు. అంతకు ముందు ఏడాది ఆ కచేరీ కోసం రాసిన ‘తూత్ లా వీ’ పాట పెద్దవాళ్ల చేత యువతరానికి సుద్దులు చెప్పించినట్టుందని గట్టి విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో పస ఉందనే నేనూ అనుకుంటాను. అందరి మాటా రాయగలిగిన మనిషి అక్కడ ఒక వైపు మాటే బాగా రాశారు.

సొంత పాటల చివరి ఆల్బమ్ 2001లో వచ్చిన ‘షాఁసోఁ పూర్ లె ప్యే’, అంటే ‘పాదాల కోసం పాటలు’. ప్రతి పాటా ఒక్కో నృత్య రీతిలో ఉంటుంది, జూక్, డిస్కో, టరాంటెల్లా అలా. ‘తూర్న్ లె వ్యొలోఁ’లో కోటలో విందు జరుగుతుంటే పనిపిల్లతో ఒక సైనికాధికారి నువ్వు అందంగా ఉన్నావని ఒక మాట అని వెళ్లిపోతాడు. ఆమెకు అది జన్మంతా సరిపోతుంది. 2002లో ఆ పాటలతో చివరిసారిగా ఊళ్లు తిరిగి, ఆ తర్వాత మార్సెయ్‌లో మామూలు జీవితంలోకి వెళ్లిపోయారు. వీడ్కోలు సభ పెట్టలేదు, మళ్లీ వస్తానని ఊరించలేదు. ఆ తర్వాత ఫ్రెంచ్‌వారు మెచ్చే ప్రముఖుల సర్వేల్లో ఆయన పేరు ఎన్నోసార్లు మొదటి స్థానంలో వచ్చింది. 2020 మార్చిలో, లాక్‌డౌన్ రోజుల్లో, ‘ఇల్ షాఁజె లా వీ’ బాణీకి కొత్త మాటలు రాసి, ఆసుపత్రి సిబ్బందికి కృతజ్ఞతగా ఇంట్లో కూర్చుని పాడిన చిన్న వీడియో పెట్టారు. గొంతు ముదిరింది, మాట తీరు మాత్రం అదే.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, చాలామంది చెప్పినట్టు విజయగీతాల సంకలనంతో వద్దు. ఆయన సొంత ఆల్బమ్‌లు 2019 ఆగస్టు దాకా ఆన్‌లైన్ సంగీత వేదికల మీద దొరికేవి కావు, ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. ముందు ‘ఆయిషా’, తర్వాత డియోన్ పాడిన ‘జ సె పా’, ఆ తర్వాత హాలిడే పాడిన ‘లాఁవీ’ వినండి. మూడు వేర్వేరు గొంతుల వెనక ఒకే చెయ్యి పట్టుబడినప్పుడు 1987 నాటి ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా పెట్టుకోండి. అప్పటి డ్రమ్ యంత్రాల చప్పుడు ఇప్పటి చెవికి పాతగా తోస్తుంది. అది అడ్డొస్తే ‘ద్యు న్యూ మార్నింగ్ ఓ జెనిత్’ అనే 1995 నాటి ప్రత్యక్ష కచేరీ రికార్డు తీసుకోండి. చిన్న జాజ్ క్లబ్బు నుంచి పెద్ద మందిరం దాకా చేసిన కచేరీలవి, వాద్యాలు నేరుగా వినబడతాయి. కరోల్ గొంతు కూడా అక్కడే బాగా తెలుస్తుంది. సాహిత్యం కాగితం మీద పెట్టుకుని, మొదటిసారి చదవకుండా వినండి. మీ స్థాయికి ‘కొమ్ త్వా’లో అర్థం కానివి ఐదారు మాటలే ఉంటాయి. మూడో చరణంలో క్రియ మారే చోటు ఎవరూ చెప్పకుండా మీరే పట్టుకోగలిగితే ఇక్కడ రాయండి, తర్వాత లైడెన్‌ష్టాట్ పాటలోని ‘ఉంటే’ వాక్యాలు చూద్దాం.